పేరు చివర ‘గారు’

నా రాతలో తప్పులుంటాయి, ముందే మన్నించాలి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. దీర్ఘం కావలసిన చోట మరిచిపోయి, అక్కర్లేని చోట తగిలిస్తాను. రాయడం కూడా శానా నిదానం. ఆ నిదానం మాత్రం నా ఒక్కదాని తప్పు కాదు. నాకు అక్షరాలు నేర్పినవాడు బోర్డులు రాసేవాడు. ముందు సుద్దతో అక్షరం చుట్టూ గీత గీసుకోవాలి, తర్వాత లోపల నింపాలి, అదీ ఆయన పద్ధతి. కాగితం మీద పెన్నుతో రాసేటప్పుడు కూడా నా చెయ్యి అదే పని చేస్తుంది. చిన్నపిల్లలు గీకి పారేసే ‘క’ రాయడానికి నాకు ఒక వక్క నమిలేంత సేపు పడుతుంది. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ఆయన పేరు దావీదురాజు. నా మొగుడు. కడపలో కన్యకా పబ్లిసిటీ అనే షాపులో పని. అంగళ్ల బోర్డులు, గోడల మీద సిమెంటు, ఎరువుల ప్రకటనలు, మా చర్చిల సభలకు గుడ్డ బ్యానర్లు, అన్నీ రాసేవాడు. మామిడికాయల కాలం వస్తే మండీల బోర్డులు రాయడానికి బనగానపల్లె దాకా పంపేవాళ్లు. గండికోటకు దారి చూపించే బాణం బోర్డు కూడా ఆయన రాసిందే. చెయ్యి మంచిది. ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. చెయ్యి మంచిదయితే తల కూడా మంచిదని అనుకోవడమే అందరూ చేసే పొరపాటు.

షాపు మొదట తిరుమలయ్యది. తెల్ల చొక్కా, చేతిలో గంట. పొద్దున ఆ గంట కొట్టేసరికి పనోళ్లందరూ లోపల ఉండాలి. ఆయన మా ఆయనను “ఒరే రాజుగా” అనేవాడు. “ఒరే రాజుగా, ఆ ‘ళ’ ఏందిరా, కడుపుతో ఉండే గేదె మాదిరి ఉండాది?” అని బజారు మొత్తం వినేటట్టు అరిచేవాడు. ఆయన మంచివాడని చెప్పడంలేదు. పిసినారి. షాపు వెనక ఆయనకే ఉన్న ప్రెస్సులో మిషన్లు తిప్పేవాళ్లకు మాత్రం సర్కారు బీమా కార్డులు చేయించి, రంగు పనోళ్లు అడిగితే “చూద్దాం లే రా” అని ఏండ్లు గడిపినాడు. కానీ ఒకసారి మా ఆయన నిచ్చెన మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే, ఆ ముసలాయనే తన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయినాడు. పోయే దారి పొడుగునా తిట్టినాడంట. “కండ్లు నెత్తిన పెట్టుకోని ఎక్కినావా రా? నా బోర్డు ఎవుడు రాస్తాడు రా ఇప్పుడు?” అని. చెయ్యి అతుక్కునే దాకా తిట్టుకుంటూనే జీతం ఇచ్చినాడు. ఒరే అన్నవాడికి, పడిపోయినవాడు తనవాడేనని తెలుసు. తిట్టుకైనా ఒక సంబంధం ఉంటుంది.

ముసలాయన కాళ్లు పడిపోయి ఇంట్లో కూర్చున్నాక షాపు కొడుకు చేతికి వచ్చింది. ప్రదీప్‌కుమార్. బెంగళూరులో వ్యాపారం చదివొచ్చినాడు. వచ్చిన మొదటి దినమే గంట తీసేసినాడు. దాని బదులు గోడకు ఒక గడియారం తగిలించి, దాని కింద తను కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, సంగటి ముందు పెట్టుకుని, తినకుండా గోడ తట్టు చూస్తున్నాడు.

“ఏమయ్యా, పులుసు బాగలేదా?”

“విశ్వాసీ, చిన్న ఓనరు నన్ను గారు అన్యాడే.”

“అంటే?”

“రాజు గారూ అన్యాడు. అందరి ముందర. ఇంగా ఏమన్యాడో తెల్సునా? గురువు గారూ అన్యాడు.”

“జీతం ఏమన్నా పెంచుతాడంటనా?”

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చర్చిలో పాట మధ్యలో తుమ్మినవాళ్లను అట్లా చూస్తారు.

“నీ బుద్ధి ఎప్పుడూ కడుపు దాటి పైకి రాదు,” అని, సంగటి ముద్ద మొత్తం తిన్నాడు. ఇంకొకటి కూడా పెట్టించుకున్నాడు. మర్యాద తింటే కడుపు నిండదని అప్పుడే తెలిసి ఉండాలి ఇద్దరికీ.

గారు వచ్చిన నెలకు పండగ సెలవు జీతం పోయింది. “గురువు గారూ, మీకు సెలవు ఇచ్చేదానికి నేనెవర్ని? మీరు వస్తే కళ, రాకపోతే లేదు,” అన్నాడంట ఆ పిల్లోడు. మా ఆయన అది కూడా పొగడ్త అనుకుని ఇంటికి మోసుకొచ్చినాడు. ఆ తర్వాత ముసలాయన ఎన్నడూ ఒప్పుకోని పని ఒకటి కొడుకు ఒప్పుకున్నాడు. బోర్డు కింద కుడి మూల రాసినవాళ్ల పేరు చిన్నగా వేస్తారు. తిరుమలయ్య కాలంలో ఆ మూల షాపు పేరే ఉండేది. “బోర్డు నాది, గోడ బాడిగ నాది, రంగు నాది. పేరు నీదెట్ల అయితాది రా?” అనేవాడు. ప్రదీప్‌కుమార్ మాత్రం “మా పేరెందుకు గురువు గారూ, కళ మీది. మీ పేరే రాసుకోండి. రాజు ఆర్ట్స్ అని,” అన్నాడు.

ఇంక చూడాలి ఆయన సంబరం. ఆ రెండు మాటలు ఎట్లా రాయాలో ఒక వారం అభ్యాసం చేసినాడు. చివరి అక్షరం తోకను కుంచె మాదిరి వంచి, కుంచె కొనకు ఒక ఎర్ర చుక్క పెట్టినాడు. ఆదివారం ఆరాధన అయినాక నన్ను చర్చి గుడ్డలతోనే ఊరంతా తిప్పినాడు. ఎండలో ఒక మందుల అంగడి ముందు నిలబెట్టి, “చూడు, ఆ మూల ఉండేది నేనే,” అన్నాడు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఎర్ర చుక్క మాత్రం కనబడింది. “బొట్టు పెట్టుకున్నావు, బాగుండావు,” అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ షాపులో ఇంకొక రంగు పనోడు ఈరప్ప. ఆదోని తట్టు మనిషి. నిచ్చెన మోసేది, గోడకు సున్నం కొట్టేది, మా ఆయన గీసిన అక్షరాల లోపల రంగు నింపేది అతనే. ప్రదీప్‌కుమార్ అతనికి కూడా ఒకసారి గారు తగిలించి చూసినాడు.

“ఈరప్ప గారూ, మీరు కూడా మీ పేరు వేసుకోండి.”

“నా పేరు ఎవునిక్కావాలప్పా? గారు నువ్వే పెట్టుకో, నాకు ఆ పోయిన ఆదివారం దుడ్లు ఇయ్యి.”

మళ్లీ అతనికి గారు పెట్టలేదు. అది పెట్టే ఖర్చు కూడా దండగ అనుకున్నట్టుంది.

ఉగాదికి షాపు ముందు షామియానా వేసి మా ఆయనకు సన్మానం చేసినారు. కడపలో ఉగాది ఎండలో మనిషికి శాలువా కప్పడం అనేది ఎవరి తలలో పుట్టిందో గానీ, వాళ్లను ఒకసారి చూడాలని ఉంది. చెమట పీల్చని బట్ట అది. వెచ్చగా ఉండదు, చల్లగా ఉండదు. తుడుచుకుంటే నీళ్లు పక్కకు జారతాయి. ఆ తర్వాత దాన్ని పండుమిరపకాయలు ఆరబోయడానికి పరిస్తే కాయలు జారి కింద పడినాయి. ఆ గుడ్డ కోసం నా మొగుడు మెడ వంచినాడు.

ప్రదీప్‌కుమార్ మైకు పట్టుకుని చెప్పినాడు: “రాజు గారు మా దగ్గర పనిచేసే మనిషి కాదు. ఆయన స్వతంత్ర కళాకారుడు. మా షాపు మీద ఆయనకు దయ ఉంది గాబట్టి రాస్తున్నారు, అంతే!”

అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినాను, పక్కనోళ్లు కొడుతుంటే. ఒక మనిషిని అందరి ముందు నీకూ నాకూ సంబంధం లేదు అంటే చప్పట్లు కొట్టే లోకం ఇది. మా ఆయన కండ్లు తుడుచుకున్నాడు, ఆ శాలువాతో. తడి అట్లనే ఉండిపోయింది.

ఆ మర్నాడు పొద్దున ఆ స్వతంత్ర కళాకారుడు ఏం చేసినాడో నేను చెబుతాను. గడియారం ముల్లు దాటిపోతుందని, సగం ముద్ద నోట్లో, సగం చేతిలో పెట్టుకుని వీధిలో పరిగెత్తినాడు. క్యారియరు మూత గట్టిగా పడలేదని నన్ను తిట్టినాడు. ఏ రంగు వెయ్యాలో ఓనరు చెప్పినాడు, ఏ గోడ మీద రాయాలో ఓనరు చెప్పినాడు. అయినా స్వతంత్రుడే.

తర్వాత ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. దాని సంగతి అందరికీ తెలిసిందే. కంప్యూటర్లో నొక్కితే గోడంత బొమ్మ బయటికొస్తుంది. షాపు పేరు కన్యకా డిజిటల్స్ అని మార్చినారు. ఆ కొత్త బోర్డు కూడా ఫ్లెక్సీదే, మా ఆయనతో రాయించలేదు. నిచ్చెనలు పాత ఇనుప సామాను వాడికి అమ్మేసినారు. ఒకరోజు ప్రదీప్‌కుమార్ మా ఆయన చేతులు పట్టుకుని, “గురువు గారూ, గోడ పని ఇంగ బందు. మిమ్మల్ని పొమ్మని నేనెట్ల అంటాను? మీరు స్వతంత్రులు. యాడైనా రాసుకోవచ్చు,” అన్నాడు. పొమ్మనకుండా పొమ్మనడం బెంగళూరులో నేర్పుతారేమో.

ఈరప్పను కూడా అట్లనే తీసేసినాడు. ఊళ్లో ఎక్కడా రాతపని లేదు. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. ఇన్నేండ్ల టర్పెంటైన్, ఎనామిల్ రంగు వాసన ఊపిరితిత్తుల్లో కూర్చుంది. నేను రెండిళ్లలో అంట్లు తోముతున్నాను.

అప్పుడు ఈరప్ప ఒక మాట మోసుకొచ్చినాడు. ప్రెస్సులో పనోళ్లు చెప్పినారంట. ఈఎస్ఐ అనే సర్కారు బీమా ఉంది కదా, ఆ కార్డు ఉన్నవాళ్లకు అంగడి మూసేసో, మనుషులను తీసేసో పని పోతే, ఇప్పుడు కొత్తగా కొన్ని నెలల పాటు సగం జీతం ఇస్తున్నారు. ఆసుపత్రి, మందులు కూడా ఊరికే. మనకు కార్డు చేయించలేదు గానీ, మనం ఆ షాపు పనోళ్లమేనని తేలితే, ఎగ్గొట్టిన బీమా ఓనరుతో కట్టించి మనకూ ఇప్పిస్తారంట.

“అంటే ఒక్క సంగతి తేలాల రాజన్నా,” అన్నాడు ఈరప్ప. “మనము వాని పనోళ్లమా, కాదా. అంతే.”

నాకు నవ్వొచ్చింది. అది కూడా తేల్చాలా? గొర్రెను చూసి ఇది గొర్రేనా అని తేల్చడానికి ఆఫీసరు రావాలా? అట్లా అనుకున్నాను. గొర్రె తనే కాదంటుందని నాకేం తెలుసు.

ఇద్దరూ అర్జీ పెట్టినారు. కర్నూలు నుంచి ఒక ఆఫీసరమ్మ విచారణకు వస్తుందని కబురు వచ్చింది. ఆమె పేరు సుచరిత. షాపులోనే విచారణ. ఆ పొద్దున నేను మా ఆయనకు పాఠం చెప్పినాను.

“ఆమె ఏమడిగినా ఒక్కటే చెప్పు. నేను పనోణ్ణి అని.”

“సరే లే.”

“సరే కాదు, అను.”

“పనోణ్ణి.”

“గట్టిగా.”

“ఏందే నువ్వు, సండే స్కూలు పిల్లోనికి వాక్యం కంఠతా పెట్టిచ్చినట్ల?”

“దగ్గు మందు నువ్వు తెస్తావా? అను!”

“పనోణ్ణి, పనోణ్ణి, పనోణ్ణి! చాలునా?”

బాగానే అన్నాడు. తలుపు దగ్గర చూస్తే భుజం మీద శాలువా.

“అది ఇంట్లో పెట్టిపో.”

“కప్పుకోలేదు కదా. ఊరికే వేసుకున్యా,” అన్నాడు. వేసుకునే బయలుదేరినాడు.

షాపు పైన గదిలో ఆఫీసరమ్మ కూర్చుంది. మామూలు నేత చీర, కళ్లద్దాలు. నన్ను లోపలికి రావద్దనలేదు, గుమ్మం దగ్గర నిలబడినాను. పక్క గదిలో ఫ్లెక్సీ మిషన్ గురక పెడుతూ ఉంది. ముందు ఈరప్పను పిలిచినారు. అతన్ని ఎవరూ కూర్చోమనలేదు.

“ఎన్ని గంటలకు వచ్చేవాళ్లు మీరు?”

“గడియారం చెప్పినప్పుడు మేడమ్. ఆలస్యమైతే ఈయప్ప పూట జీతం కోసేటోడు.”

“బ్రష్షులు ఎవరివి?”

“ఈయప్పవే. నాకు బ్రష్షు కొనేంత దుడ్లు ఉంటే పేలాలు కొనుక్కుంటా.”

“వేరేచోట కూడా రాసేవాళ్లా?”

“టైము యాడిది మేడమ్? ఒకసారి మా బామ్మర్ది అంగడికి రాస్తే, ఇంగోసారి బయట చెయ్యి పెడితే ఈడికి రావద్దన్యాడు.”

“మీరు కళాకారులా?”

ఈరప్ప తన చేతులు చూసుకున్నాడు. గోర్లలో నీలం రంగు. “పనోణ్ణి మేడమ్,” అన్నాడు, నీళ్లు కావాలా అంటే కావాలన్నంత సులువుగా.

ప్రదీప్‌కుమార్ ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. అతనికి ఈరప్పతో ఆశ లేదు.

మా ఆయన లోపలికి అడుగు పెట్టగానే ఆ పిల్లోడు లేచి నిలబడినాడు. “రండి రండి గురువు గారూ,” అని తన కుర్చీ తనే తోసి చూపించినాడు. చక్రాల కుర్చీ, వెనక మెత్త. ఇన్నేండ్లలో ఆ షాపులో నా మొగుడు ఒక రంగు డబ్బా మీద తప్ప దేని మీదా కూర్చోలేదు. ఆయన ఆ కుర్చీ చూసినాడు. శాలువా సర్దుకున్నాడు. కూర్చున్నాడు. కుర్చీ కొంచెం తిరిగింది. ఆయన మొహం వెలిగింది. విచారణ అక్కడే అయిపోయింది. మిగతాదంతా మాటలు.

“మీరు ఎన్ని గంటలకు వచ్చేవాళ్లు?” అడిగింది ఆఫీసరమ్మ.

ఆయన నా తట్టు చూసినాడు. తర్వాత కుర్చీ ఇచ్చినవాడి తట్టు చూసినాడు. “నాకు టైము యాడుండాది మేడమ్? మనసు కుదిరినప్పుడు వస్తాంటి.”

గుమ్మం దగ్గర నా పక్కనున్న ఈరప్ప “సచ్చినాము” అన్నాడు.

“బ్రష్షులు?”

“నా కుంచెలు నావే. ఇంగొకరు ముట్టుకుంటే ఆ దినం నేను రాయను.”

అది మాత్రం నిజం. ఆ కుంచెలకు నూనె పెట్టి గుడ్డ చుట్టేంత శ్రద్ధ నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా చూపించలేదు.

“ఏ బోర్డు ఎట్లా రాయాలో ఎవరు చెప్పేవాళ్లు?”

“ఒక ఆర్టిస్టుకు ఇంగొకరు చెబుతారా మేడమ్?”

ప్రదీప్‌కుమార్ ఫోటోలు బల్ల మీద పరిచినాడు. మందుల అంగడి, సిమెంటు గోడ, గండికోట బాణం. ప్రతి దాంట్లో కుడి మూల ఎర్ర చుక్క. “చూడండి మేడమ్, రాజు ఆర్ట్స్. ఆయన సొంత సంస్థ పేరు. మేము ఆయనకు పని ఇచ్చేవాళ్లము, ఆయన చేసి పెట్టేవారు. నౌకరు ఎవరైనా తన పేరు వేసుకుంటాడా?”

ఆఫీసరమ్మ ఫోటోలు చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆమెకు అంతా అర్థమయిందని నాకు తెలుసు.

“దావీదురాజు గారూ, ఆలోచించి చెప్పండి. తొందర లేదు. మీ జవాబు మీదే మీకు రావలసింది ఆధారపడి ఉంది. మీరు ఈ షాపులో పనివారా? లేక సొంతంగా పని ఒప్పుకుని చేసే కళాకారులా?”

“ఏది చెప్పినా నాకు సమ్మతమే గురువు గారూ,” అన్నాడు ప్రదీప్‌కుమార్, గొంతు తడి చేసుకుని. “మీరు పనోడని మీరే అంటే ఒప్పుకుంటాను. నా నోటితో మాత్రం ఆ మాట నేను అనలేను.”

మా ఆయన నోరు తెరిచినాడు. “ప...” అన్నట్టే ఉంది పెదాలు. దగ్గొచ్చింది. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గినాడు. దగ్గి, నిటారుగా కూర్చుని, “నేను ఆర్టిస్టును మేడమ్,” అన్నాడు.

“అబద్ధం!” అన్నాను నేను. గుమ్మం దాటి లోపలికే పోయినాను. “అబద్ధం మేడమ్! ముద్ద నోట్లో పెట్టుకోని పరిగెత్తేటోడు. ఈ గడియారానికి భయపడి ఉచ్చ పోసుకునేదానికి కూడా—”

“ఏయ్, నోర్మూయే!” అని అరిచినాడు నా మొగుడు. “మర్యాదస్తుల ముందర!”

“ఎవురయ్యా మర్యాదస్తులు? ఈ ఎగ్గొట్టేటోడా?”

“అమ్మా,” అంది ఆఫీసరమ్మ. మెల్లగానే అంది. “మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ అర్జీ ఆయనది. కుంచె నాదే, టైము నాదే, పేరు నాదే అని ఆయనే అంటుంటే నేనేం రాసేది?”

ఆమె రాసింది చదివి వినిపించి కాగితం ముందుకు తోసింది. అందరూ ఎక్కడ చెబితే అక్కడ గీకుతారు సంతకం. మా ఆయన జేబులోంచి సొంత పెన్ను తీసినాడు. కాగితాన్ని కొంచెం దూరం జరిపి, తల వంచి చూసి, కుడి మూల ఎంచుకున్నాడు. రాజు ఆర్ట్స్. చివర తోక వంచి కుంచె చేసినాడు. ఎర్ర ఇంకు లేదని నొచ్చుకున్నాడు కూడా.

ఈరప్ప షాపు పనోడని తేలింది. కార్డు వచ్చింది, సగం జీతం వచ్చింది. ఆ నెలల్లో అతను ఆటో నేర్చుకుని, ఆదోనికి పోయి బతుకుతున్నాడు. ఒకే గోడ, ఒకే నిచ్చెన. అక్షరం గీసినవాడికి ఏమీ లేదు, లోపల రంగు పూసినవాడికి మందులు వచ్చినాయి. కార్డు వచ్చిన దినం ఈరప్ప మిఠాయి తెచ్చినాడు. అతను పోయినాక మా ఆయన మిఠాయి నములుతూ, “పాపం ఈరప్ప. పనోడుగానే మిగిలిపోయె,” అన్నాడు.

నేను చేతిలో ఉన్న చెంబు కింద పెట్టినాను. పెట్టకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

ఇంట్లో కూర్చున్నాడు. రంగు డబ్బాల అడుగున కొంచెం కొంచెం రంగు మిగిలింది. రాయడానికి గోడ లేదు. అప్పుడు నన్ను పట్టుకున్నాడు. పొయ్యి పక్క గోడ మీద ‘అ’ రాసి, “దిద్దు,” అన్నాడు. నేను చేసే అంట్ల పని అయినాక సాయంత్రం అదే పని మాకు. కోపం వస్తే ఆయన అక్షరాల మీదే నా కోపం చూపించేదాన్ని. అచ్చులు అయినాయి, హల్లులు వచ్చినాయి. ఒకరోజు ‘ప’ రాయించి, “ప తో ఒక మాట చెప్పు,” అన్నాడు.

“పనోడు,” అన్నాను.

ఆయన నవ్వినాడు. నవ్వు దగ్గులోకి దిగింది, చాలాసేపు దగ్గినాడు. తర్వాత గోడ మీద ఆ మాట రాసినాడు. దాని పక్కనే ఇంకొకటి రాసినాడు. “చూడు, పనోడు. ఒత్తు లేదు. పిల్లోడైనా రాస్తాడు. ఇది పనోణ్ణి. ణ కింద ణ ఒత్తు పడతాది. అది శానా కష్టమే విశ్వాసీ.”

మర్నాడు ‘ఫ’ చెప్పినాడు.

వానాకాలం దాటకుండానే పోయినాడు. సర్కారు పెద్దాసుపత్రిలో నేల మీద చాప వేసి పడుకోబెట్టినాము, మంచం ఖాళీ లేక.

పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు జరిపే ఆదరణ కూడిక రోజు మా ఇంటి ముందు కుర్చీలు వేసినారు. పాట పాడినారు, పాస్టరు ప్రార్థన చేసినాడు. ఈరప్ప ఆదోని నుంచి వచ్చినాడు. అప్పుడు ఒక కారు ఆగింది. ప్రదీప్‌కుమార్ దిగినాడు. వెనక ఇద్దరు మనుషులు ఒక ఫ్లెక్సీ మోసుకొచ్చి మా గోడకు కట్టినారు. దాని మీద మా ఆయన. జుట్టు నల్లగా చేసినారు, చెంపలు నింపినారు, ఒళ్లు తెల్లగా చేసినారు. నేను ఇంకెవరినో చేసుకున్నానేమో అనిపించేటట్టు ఉన్నాడు. మెడలో అదే శాలువా.

ప్రదీప్‌కుమార్ మైకు లేకుండానే మాట్లాడినాడు. కళ ఒంటరిదయింది అన్నాడు. ఇటువంటి స్వతంత్ర కళాకారుడు మళ్లీ పుట్టడన్నాడు. అందరూ తలలు ఊపినారు. కొంతమంది కండ్లు తుడుచుకున్నారు.

నేను లేచి ఫ్లెక్సీ దగ్గరికి పోయినాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివినాను, పైకే. అందరూ ఆగినారు, నాకోసం. “స్వ. తం. త్ర. కళా. కారులు. దావీదు. రాజు. గారు.” కింద కన్నీటి వీడ్కోలు అని ఉంది. ఇంకా కిందికి పోయి కుడి మూల చూసినాను. “కన్యకా డిజిటల్స్,” అని చదివినాను.

“మూల పేరు మళ్లీ మీదే అయిందే అప్పా,” అన్నాను.

“షాపు ఆనవాయితీ అమ్మా,” అన్నాడు.

ఇంట్లోకి పోయి కత్తీ, సుద్దముక్కా తెచ్చినాను. పాస్టరు “అమ్మా, అమ్మా” అన్నాడు. నేనేమీ చించి పారెయ్యలేదు. సుద్ద తీసుకుని ముందు చుట్టూ గీత గీసుకున్నాను, నేర్పిన పద్ధతిలోనే. తర్వాత గీత వెంబడి ఈరప్ప పట్టుకుంటే కోసినాను. గా, రు. రెండక్షరాల ముక్క చేతికొచ్చింది. చుట్టి ప్రదీప్‌కుమార్ చేతిలో పెట్టినాను.

“నీదే అప్పా ఇది. ఆయనకు వాడుకునేదానికి ఇచ్చింటివి. పని అయిపోయె. తీసుకుపో.”

అతని మొహం ఎర్రబడింది. “ఇదేందమ్మా విశ్వాసమ్మ గారూ—”

“నాకూ తగిలిస్తాండావా? నేను నీకాడ ఎప్పుడూ పని చేసిందాన్ని కాదే! దండగ చేసుకోవద్దు, ఆ కంప్యూటరు ముందర కూర్చోనుండే పిల్లోళ్లకు పెట్టుకో. రేపు పనికొస్తాది.”

ఈరప్ప నవ్వును దగ్గు మాదిరి దాచుకోవాలని చూసినాడు, చేతకాలేదు. ప్రదీప్‌కుమార్ ఆ చుట్టను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని కారెక్కినాడు.

మిగిలిన ఫ్లెక్సీ మంచి గట్టిది, ఒప్పుకోవాలి. పుట్టినూరికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నాను. మేకల కొట్టానికి కప్పుగా వేసినాను, మొహం లోపలికి. మేకలు చూసుకుంటాయి, ఆయనా మేకలను చూసుకుంటాడు. వాన పడితే ఆ రెండక్షరాలు కోసిన చోట కారుతుంది. మా ఊరి వానకు అదెంత, కారనీ.

విశ్వాసమ్మ. గారు అక్కరలేదు. యాభై ఎనిమిదేండ్లు. ఇప్పుడు జమ్మలమడుగులో, చర్చి వెనక వీధిలో ఉంటున్నాను.